పేరు లేని పెట్టె

ఆమె టేబుల్ ఫ్యాన్ పట్టుకొచ్చింది. ఆ నెలలో రావడం అది నాలుగోసారి.

"మళ్ళీ ఏమొచ్చిందమ్మా?" అన్నాడు పెట్టెలాయన, తల ఎత్తకుండానే.

"తిరగడం లేదు బాబూ."

పోయిన వారం గోడ గడియారం. అంతకుముందు ఇస్త్రీపెట్టె. ఆ ఇంట్లో ఏ వస్తువూ కుదురుగా ఉండదేమిటని ఆయనకు చిరాకు.

వీధిలో అందరూ ఆయన్ను పెట్టెలాయన అనే పిలుస్తారు. పాతకాలపు మెకానిక్కుల పనిముట్ల పెట్టెలు ముప్ఫై ఒకటి పోగేశాడు. భార్య పోయాక పడకగది వాటికి ఇచ్చేసి తను వరండాలోకి మారాడు.

అద్దాల బీరువాలో పెట్టి మురిసిపోయే రకం కాదు. వాటితోనే రిపేర్లు చేస్తాడు. ఏ పెట్టె ఎవరిదో నానా తంటాలు పడి కనుక్కుని, మూత లోపల ఆ పేరు రాస్తాడు.

ఒక్కదానికే పేరు దొరకలేదు. పాత ఇనుము కొట్టులో కొన్న ఐదరల పెట్టె. అందులో ప్రతి స్పానరు అంచులూ చేతికి గుచ్చుకోకుండా ఆకురాయితో అరగదీసి ఉన్నాయి. కళ్ళు మూసుకుని చెయ్యి పెట్టినా కావలసిందే తగిలేలా సర్ది ఉంది.

దాన్ని అలా సర్దిన మనిషి కోసం పదకొండేళ్ళుగా వెతుకుతున్నాడు. దొరికితే ఎదురుగా కూర్చుని పని గురించి తనివితీరా మాట్లాడుకోవాలని కోరిక. ఆ మాటలు అర్థమయ్యేవాళ్ళు ఆయనకు ఇంకెవరూ మిగల్లేదు.

ఆ పెట్టే తెరిచి ఫ్యాన్ విప్పాడు. ఆమె ముక్కాలిపీట మీద కూర్చుని కళ్ళార్పకుండా చూస్తోంది.

"కాస్త అటు చూడండమ్మా. నెత్తిమీద ఇన్‌స్పెక్టరు కూర్చున్నట్టుంది."

ఆమె నవ్వింది. "మీ పనితనం చూడబుద్ధవుతుంది బాబూ."

"పొగిడితే ఫ్యాన్ తిరగదు."

లోపల ఒక వైరు ఊడి ఉంది. ఆయన చెయ్యి ఆగిపోయింది. అది దానంతటది జారిన వైరు కాదు. ఎవరో తప్పించి, స్క్రూ మళ్ళీ పదిలంగా బిగించారు. స్క్రూ తల మీద గీత కూడా పడలేదు. విప్పినవాడు పని తెలిసినవాడే.

"ఇది పాడైంది కాదమ్మా. ఎవరో విప్పారు."

ఆమె చూపు పెట్టె మీదికి మళ్ళింది.

"గడియారమూ అంతే కదూ? ఎవరిచేత విప్పిస్తున్నారు? మీ అబ్బాయా?"

"నాకెవరూ లేరు బాబూ."

"అయితే పక్కింటాయన. పొద్దుపోక నా బుర్ర తినడానికి వస్తున్నారన్నమాట! ఏ పార్కులోనో కూర్చోండి. నాకు బోలెడు పనుంది."

పనేమీ లేదు. ఆ వారానికి వచ్చిన రిపేరు అదొక్కటే.

ఆమె ఫ్యాన్ తీసుకుని, ఏదో చెప్పబోయి, "వస్తాను బాబూ" అని వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు.

మొదటి వారం పీడ వదిలిందనుకున్నాడు. రెండో వారం గేటు చప్పుడైతే తొంగి చూశాడు. మూడో వారానికి, ఆమె రాకపోతే ఇల్లు బావురుమంటోందని తనలో తనే ఒప్పుకున్నాడు. ఆమె ఇల్లెక్కడో ఏనాడూ అడగలేదు.

నెల తిరిగాక ఒక పెద్దాయన వచ్చాడు. ఎప్పుడో మూతపడిన ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేశాడట.

"మీ దగ్గర ఐదరల పెట్టె ఉందట కదండీ. ఒక్కసారి చూడొచ్చా?"

చూపించాడు. ఫోర్‌మన్ దాని ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇదేనండీ. మా అందరికీ పని నేర్పిన గురువు పెట్టె. ఫ్యాక్టరీ మూసిన రోజు తుక్కులో కలిపేశారు."

పెట్టెలాయన చెప్పుల కోసం చూశాడు. "ఎక్కడుంటారు? ఉండండి, చొక్కా మార్చుకొస్తాను. ఇప్పుడే వెళ్దాం."

"ఇంకెక్కడికండీ? పోయి పది రోజులైంది."

పెట్టెలాయన ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. పదకొండేళ్ళు వెతికి, పది రోజులు ఆలస్యమయ్యాడు. ఏడుపు ఆపుకోలేకపోయాడు.

"ఆయన ఒక్కపూట నా ఇంటికొచ్చి ఉంటే ఎంత బాగుండేదండీ..."

ఫోర్‌మన్ వింతగా చూశాడు.

"ఆయన కాదండీ, ఆవిడ. 'పెట్టె దొరికింది, అడిగితే ఇచ్చేస్తాడేమో, కానీ నా దగ్గరుంటే మూలన పడుంటుంది, అందుకే ఇంట్లో వస్తువులు నేనే విప్పి పట్టుకెళ్ళి అది పని చేస్తుంటే చూసొస్తున్నాను' అని నాకు ఫోన్లో చెప్పారు."