మాస్టర్‌కు సంబంధం

"సేఠ్, ఈ నెలాఖరుదాకనే చేస్త," అన్నాడు శివశంకర్, పెనం మీద దోసె తిప్పుతూ.

గల్లాపెట్టె దగ్గర కూర్చున్న రేవణసిద్ధప్ప చేతిలో చాయ్ గ్లాసు అట్లనే ఆగిపోయింది.

జహీరాబాద్ బస్టాండ్ ఎదురుగా ఆయన టిఫిన్ హోటల్ పెట్టి ఇరవై రెండేళ్ళు. శివశంకర్‌కు ముందు ఒక్క ఏడాదిలోనే ఏడుగురు వంట మాస్టర్లు మారారు. ఫోన్ చార్జింగ్ పెట్టుకోనీయలేదని ఒకడు మూడో రోజే పోయాడు. ఉల్లిగడ్డలు కోస్తే కండ్లు మండుతున్నాయని ఇంకొకడు మానేశాడు. "ఐదింటికి ఎవడు లేస్తడు సేఠ్?" అని మరొకడు ఆయన్నే ఎదురడిగాడు. నిలబడ్డవాడు శివశంకర్ ఒక్కడే. వీడు కూడా పోతే షట్టర్ దించి ఇంట్లో కూర్చోవడమే.

"జీతం పెంచుత రా."

"జీతం గురించి కాదు సేఠ్. ఇరవై తొమ్మిదేండ్లొచ్చినయి. హోటల్ల చేస్తడంటే ఎవ్వరు పిల్లనిస్తలేరు. కంపెనీల కాంట్రాక్ట్ పనికి పోత. మెడల కార్డు ఏలాడితె ఇస్తరట."

"కార్డుకిస్తరారా పిల్లను?"

"కార్డుకే ఇస్తున్రు సేఠ్."

వాడు చెప్పింది అబద్ధం కాదు. అందుకే ఆయనకు కోపం కూడా సరిగ్గా రాలేదు.

"నాకెవరున్నరు, సంబంధాలకు తిరుగనీకె?" అన్నాడు శివశంకర్, తల ఎత్తకుండానే.

"నేను తిరుగుత. అప్పటిదాక పెనం ఇడువకు."

మర్నాటి నుంచి మధ్యాహ్నం గిరాకి తగ్గగానే రేవణసిద్ధప్ప స్కూటర్ తీసేవాడు. కోహీర్‌లో పిల్ల తండ్రి మంచినీళ్ళిచ్చాడు గానీ, పని పేరు వినగానే బర్రెలకు మేత వేయాలంటూ లేచిపోయాడు. రాయికోడ్‌లో పిల్ల తల్లి మొహం మీదే నవ్వింది. "దోసెలు మేం గూడ పోస్తం. దానికి అల్లుడెందుకు?"

తాను బతుకంతా చేసిన పనికి ఊళ్ళలో ఎంత విలువుందో రేవణసిద్ధప్పకు యాభై మూడో ఏట తెలిసింది.

ఆఖరికి ఎవరో చెబితే న్యాల్‌కల్ పోయాడు. పిల్ల తండ్రి పేరు చెన్నబసప్ప. ఒక్కతే కూతురు, దీపిక. హోటల్‌లో మాస్టర్ అనగానే ఈయన లేచిపోలేదు. కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు.

"పొద్దుగాల ఎన్నింటికి లేస్తడు?"

"నాలుగున్నరకు. అలారం గూడ అక్కర లేదు."

"ఫోన్ పట్టుకుంటడా?"

"పనైపోయెదాక ముట్టడు."

"నాగాలు?"

"జరమొచ్చినా వచ్చిండు. నేనే తిట్టి ఇంటికి తోలిన."

"ఒక్కపారే యాభై మంది వచ్చి మీద పడితె?"

"గాబరా పడడు. గిరాకి తిట్టినా నవ్వుతడు."

పిల్లనిచ్చే తండ్రి అంటే ఇట్ల అడగాలె అనుకున్నాడు రేవణసిద్ధప్ప. ఆస్తి ఎంత అనలేదు, కార్డు ఉందా అనలేదు. మనిషి ఎట్లాంటివాడో అడుగుతున్నాడు.

తలుపు దగ్గర నిలబడ్డ దీపిక కూడా ఒక మాట అడిగింది. "మధ్యల ఇడిశిపెట్టి పోయెటోడైతె కాదు గద, కాకా?"

"నా హోటల్ మీద ఒట్టు తల్లీ. గసువంటి పిలగాడు ఈ జమానల దొరకడు."

చెన్నబసప్ప కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తలూపింది.

మీరేం చేస్తారని రేవణసిద్ధప్ప వాళ్ళను అడగనే లేదు. అడిగితే మాట ఎటు పోయి ఎటు వస్తుందోనని భయం. పిల్లనిస్తామన్నారు, అదే పదివేలు.

కబురు చెప్పగానే శివశంకర్ పిండి చేతులతోనే ఆయన కాళ్ళు పట్టుకున్నాడు. "ఇగ ఏ కంపెనీకి పోను సేఠ్."

"పని విలువ తెలిసినోళ్ళు ఇంక ఉన్నరురా," అన్నాడు రేవణసిద్ధప్ప.

నిశ్చితార్థం రోజు హోటల్ బంద్ పెట్టి, పిలగాడి తరఫు పెద్దగా ఆయనే కూర్చున్నాడు. ఉంగరాలు మార్చుకున్నారు. తాంబూలాలు అందుకున్నారు. శివశంకర్ పోతానన్న రోజు నుంచి మొదటిసారి ఆయనకు గుండె మీది బండ దిగినట్టయింది. వియ్యంకుడి వరసయినవాడి భుజం మీద చెయ్యి వేశాడు.

"హోటల్ ఎనుక గదికి సున్నం ఏయించిన. పెండ్లయినంక ఇద్దరు అండ్లనే ఉంటరు. మీరు జర గూడ ఫికర్ చెయ్యొద్దు."

"గది ఎందుకన్నా?" అని చెన్నబసప్ప నవ్వి, మిఠాయి ముక్క తుంచి ఆయన నోట్లో పెట్టాడు.

"బీదర్ల నా హోటల్‌కు మాస్టర్ లేక ఆర్నెల్లాయె."