రాతలమ్మ

“సర్వర్ డౌన్ అయితే మొదట ఏం చేస్తారండీ?”

“నాకు ఫోన్ చేస్తారు,” అన్నాడు పెద్దన్న.

టీమంతా పగలబడి నవ్వింది. అడిగినావిడ నవ్వలేదు. టీము పనంతా అందరికీ అర్థమయ్యేలా ఒకచోట రాసిపెట్టడానికి యజమాని ఆమెను కొత్తగా తీసుకున్నాడు.

“మీరు సెలవులో ఉంటే?”

“నాకు సెలవేమిటమ్మా!”

ఆ సాఫ్ట్‌వేర్ పుట్టినప్పటి నుంచీ దాని గుట్టంతా పెద్దన్న తలలోనే ఉంది. అది బయటపడితే తననిక ఎవరూ లెక్కచేయరని అతని భయం.

“ఇదిగో రాతలమ్మా, నా కుర్చీ కొలతలు కూడా రాసుకుంటావా?”

“కుర్చీ మీదే సార్. ఒక్క గంట నాతో కూర్చోండి, చాలు.”

కూర్చున్నాడు. కావాలనే రెండు స్టెప్పులు మింగేసి చెప్పాడు.

ఆమె రాసింది చూసి పని మొదలుపెట్టినవాళ్లు సగంలో చతికిలబడ్డారు.

“చూశారా, పనికిమాలిన రాతలు,” అన్నాడు యజమానితో.

యజమాని అతని మాటే నమ్మాడు. ఆమెను పంపేశాడు.

పోతూ పోతూ ఆమె అతని బల్ల దగ్గర ఆగింది.

“ఇంట్లో ఆవిడకి ఎలా ఉందండీ?”

“అది కూడా రాస్తావా?”

ఆమె తల దించుకుని వెళ్లిపోయింది.

ఇంట్లో భార్య మంచం దిగడం లేదు.

“నాలుగు రోజులు నా దగ్గర ఉండకూడదూ?”

“నేను లేకపోతే అక్కడ పూచికపుల్ల కదలదే.”

గొప్పగానే అన్నాడు.

చివరికి ఆసుపత్రిలో చేర్చాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయింది. ఫోన్ మోగింది.

“పెద్దన్నా, సర్వర్ డౌన్!”

చెయ్యి విడిపించుకుని వరండాలోకి పోయాడు. రాతలమ్మకు చెప్పకుండా మింగిన ఆ రెండు స్టెప్పులే అరిచి అరిచి చెప్పాడు.

లోపలికి వచ్చేసరికి నర్సు భార్య ముఖం మీదికి దుప్పటి లాగుతోంది.

పలకరించడానికి పెద్దన్న ఇంటికి యజమాని వచ్చాడు. తల వంచుకుని అతని పక్కన కూర్చున్నాడు.

“నీ మాట విని ఆ అమ్మాయిని పంపేశాను. తప్పు చేశానయ్యా.”

“నా ఉద్యోగానికి ఎసరు పెట్టడానికేగా సార్, ఆమెను తెచ్చింది?”

యజమాని తలెత్తాడు.

“ఎసరేమిటయ్యా! ‘ఆయన పని ఇంకొకరికి తెలిస్తే నాలుగు రోజులు నా దగ్గర కూర్చుంటారన్నయ్యా, నేనడిగానని మాత్రం చెప్పకండి’ అని మీ ఆవిడ బతిమాలితేనే ఆ అమ్మాయిని పెట్టాను.”