దన్నుగోడల వయసు

కాజిమీర్ మేయరయ్యాక ఊరికి చేసిన మొదటి ఘనకార్యం ద్రాక్షరైతు అన్సెల్మ్ పెరట్లో గుంజలు పాతడం. పెరటిని ఆనుకున్న చర్చి గోడ ఒరిగిపోకుండా ఇటువైపు మూడు రాతి దన్నులు ఉన్నాయి. వాటి చుట్టూ గుంజలు పాతి తీగ లాగాడు. దాంతో ట్రాక్టరు దారి మూసుకుపోయింది. ద్రాక్షకోతలు నెత్తిమీదికి వచ్చి కూర్చున్నాయి.

"చర్చి ఊరి సొత్తు. ఎన్నేళ్లు ఎవడు దున్నుకున్నా ఊరి సొత్తే," అన్నాడు కాజిమీర్.

"పాత చర్చి నేల నీ ఊరిదే, కాదన్నానా? ఈ దన్నులు మొన్నమొన్నటివి. మా ముత్తాత నేలలోకి జరిపి కట్టారు."

"నువ్వు చూశావా?"

"ఆ రాయి చూడు, ఈ రాయి చూడు. కళ్లు లేవా?"

"ఉన్నాయిలే. దన్నుల తప్పేం లేదు, నీ ట్రాక్టరే నీలా బలిసింది."

ఎదుటి కేఫు ముందు కూర్చున్నవాళ్లు గ్లాసులు దించి మరీ నవ్వారు.

ఆ నవ్వు అన్సెల్మ్‌కి మింగుడుపడలేదు. పట్నం వెళ్లి, పాత చర్చిల వయసు తేల్చే సిదొనీ అనే ఆవిడను తీసుకొచ్చాడు. ఆవిడ సున్నం గీకింది. రాళ్ల మధ్య సందుల్లో వేలు పెట్టి చూసింది. సగం ఊరు పెరటి బయట నిలబడింది.

"ఈ దన్నులు చర్చితో పుట్టినవి కావు," అంది చివరికి. "చర్చిది ఎనిమిది వందల ఏళ్ల నాటి కట్టడం. వీటికి రెండు వందలు కూడా ఉండవు."

"విన్నావుగా మేయరూ! పీకు!"

కాజిమీర్ వంగి గుంజలు పీకాడు. తీగ చుట్టి మూల పడేశాడు. అంతటితో ఊరుకుంటే సరిపోయేది. కానీ అన్సెల్మ్ కసి ఇంకా తీరలేదు.

"అమ్మా, వీటిని ఎందుకు కట్టారో కూడా చెప్పండి. ఈ మహానుభావుడు ఇంకోసారి నోరెత్తకూడదు."

"గోడలో పూడ్చేసిన కమానులు కనిపిస్తున్నాయా? ఒకప్పుడు అవి తెరిచే ఉండేవి. వాటికి ఇవతల, ఈ పెరటివైపు, చర్చికి ఇంకో భాగం ఉండేది. అది కూలిపోయాక కమానులు మూసేసి, గోడకి దన్నులు పెట్టారు."

కాజిమీర్ తల ఎత్తాడు.

"ఇవతలంటే ఎక్కడిదాకా అమ్మా?"

ఆవిడ చిక్కుడు పాదులు దాటింది. కోళ్లగూడు దాటింది. వైను పీపాల గది వెనక గోడను తట్టి చూసి ఆగింది.

"ఇదిగో, పాత గోడ. ఇక్కడిదాకా చర్చే."

ఎవరూ నవ్వలేదు. సిదొనీ కొలిచే టేపు తీసింది. "పాత చర్చి నేల ఊరిదేనని నువ్వే అన్నావుగా," అంటూ కాజిమీర్ ఎంతో మర్యాదగా టేపు రెండో కొస పట్టుకున్నాడు.

"పొడవు ఇరవై రెండు, వెడల్పు అయిదు," అంది సిదొనీ. "పీపాల గదితో కలిపి నూట పది చదరపు మీటర్లు."