చోటు మింగిన ఫోల్డర్

"ఏం తమ్ముడూ, నీ పెట్టె ఇంకా అలక మానలేదా?" అంటూ బిల్లింగ్ అక్క కుర్చీ లాక్కుని, సర్వర్లు చూసే అతని పక్కన కూర్చుంది.

ఆఫీసు కంప్యూటర్లన్నీ వర్చువల్ మెషీన్లుగా, అంటే విడి పెట్టెలు లేకుండా, ఒకే లినక్స్ సర్వర్ మీద నడుస్తాయి. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ పొద్దుటి నుంచీ స్టార్ట్ కావడం లేదు. డిస్క్‌లో చోటు లేదంటోంది.

"చోటంతా ఎవరు మింగారో చూడు. నేను కదలను, నా బిల్లులన్నీ అందులోనే ఉన్నాయి."

ఎవరూ లేనప్పుడు చూద్దామనే అతను ఇందాకటి నుంచీ ఊరికే కేబుళ్ళు పీకి పెడుతున్నాడు. ఇక కమాండ్ కొట్టక తప్పలేదు. తెర మీద ఫోల్డర్లు దిగాయి, ఒక్కో ఉద్యోగి పేరుతో ఒకటి. అన్నిటికన్నా పెద్దది ఆమెది.

"నా పేరేంటి ఇక్కడ?"

"యజమాని ఒక ప్రోగ్రాం పెట్టమన్నాడక్కా. అందరి స్క్రీన్లూ నిమిషానికోసారి ఫోటో తీసి దాస్తుంది. నేనేం చేయను, చెప్పింది చేశాను."

చెప్పింది చేశాడట. లోకంలో ఏ అన్యాయాన్ని తిరగేసి చూసినా అడుగున ఈ మాటే ఉంటుంది.

"అయితే యూనియన్ పెడదామని నేను రాసిందంతా యజమానికి చేరింది ఇందులోంచా?" ఆమె గొంతు పెంచలేదు. "మాటలు మోశాడని వాచ్‌మన్ బాబాయిని మనలోంచి గెంటేశాం కదా."

"ఇప్పుడే తుడిచేస్తానక్కా. సర్వర్ కూడా లేస్తుంది."

"తుడవకు. బాబాయి వచ్చి కళ్ళారా చూసేదాకా అది లేవకపోయినా నష్టం లేదు."

అతను కీబోర్డు మీద నుంచి చెయ్యి తీశాడు. బాబాయిని గెంటేద్దామా అని అడిగిన రోజు, అందరికన్నా ముందు పైకి లేచిన చెయ్యి అదే.