నలభై రెండో కుక్క

తప్పులుంటే మన్నించండి. అరవై దాటాక అక్షరాలు నేర్చాను, ఈ కాస్త రాయడానికే వారం పట్టింది.

ఇంటింటా మరకుక్కలు వచ్చాక అసలు కుక్కలు శరణాలయం పాలయ్యాయి. మారథాన్‌లో మనిషి పరిగెత్తే ఒక్కో కిలోమీటరుకు ఒక్కో కుక్కను పోషిస్తామని దాతలు ఒప్పుకున్నారు. మిగిలినవాటిని సూది వేసి చంపేస్తారు.

నూకరత్నం తొలి పరుగుకు ఏడాదిగా సాధన చేస్తోంది. పోయిన పెనిమిటి పెంచిన కుక్క ఎర్రోడి పేరు చివరిదైన నలభై రెండో కిలోమీటరుకు రాయించింది.

"పిన్నీ, ఆడ్ని ముందుకి మార్చీమంటావా? ముప్పైయెనిమిది ఎప్పుడూ దాటనేదు నువ్వు," అంది శరణాలయంలో పనిచేసే పైడమ్మ.

"అప్పుడు చివర ఏటుంటాదే?"

"కుంటిది."

"వద్దే. చివర ఎర్రోడుంటేనే నా కాళ్లు కదుల్తాయి."

పందెం రోజు నలభై ఒకటి దాటగానే ఆమె కూలిపోయింది.

కుంటిది బతికింది. ఇప్పుడు నూకరత్నం గుమ్మంలోనే పడుకుంటుంది. ఆమె వేళకు అన్నం పెడుతుంది గానీ, ఇంకా పేరు పెట్టలేదు.

— గొర్లె సింహాచలమ్మ, డెబ్బై ఒక్క ఏళ్లు, ప్రస్తుతం భీమిలి.