ఏటేటా పనికొచ్చే కవరు

వింగ్‌సమ్ బొటనవేలు తడిచేసి, కొత్త సంవత్సరం పండక్కి డబ్బులు పెట్టి ఇచ్చే ఎర్ర కవరును గట్టిగా రుద్దింది. ఆ వేలిని అందరికీ కనబడేలా పైకెత్తింది. వేలంతా ఎర్రబడింది.

"ఇదీ మన సోయా నూనె సిరా సంగతి. పండగ పూట చేతులకి రంగంటితే కొన్నవాళ్లు మనల్ని దీవిస్తారా?"

హోయ్‌కీ ముఖం చిన్నబోయింది. క్వున్ తోంగ్ పేటలోని ఆ ప్రింటింగ్ ప్రెస్సులో ఆ పిల్ల చేరి ఐదు నెలలే అయింది. చేరిన రోజు నుంచీ ఒకటే పాట. కవరు మీద ప్లాస్టిక్ పొర వద్దు, బంగారు రేకు వద్దు, అవి అతికిస్తే కాగితం మళ్లీ గుజ్జుకి పనికిరాదు అని. సరే, ఈ ఏటికి ఒక రకం అలా చేసి చూద్దామన్నారు యజమాని మాక్ గారు.

నిజానికి వింగ్‌సమ్‌కి కాగితం మీద పగేమీ లేదు. ఆమె బాధంతా కిన్‌లోక్ గురించి. ఆరేళ్లుగా మిషన్ దగ్గర అతని పక్కనే పని చేస్తోంది. అతని పాల టీలో చక్కెర ఎంత ఉండాలో, ఏ భుజం నొప్పి పెడుతుందో ఆమెకి తెలుసు. మనసులో మాట చెప్పడానికి మాత్రం ఆరేళ్లూ చాలలేదు. ఈలోగా నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల అతన్ని తన పక్కకి తిప్పేసుకుంటోంది.

"పైన పూస్తేనే కదా రంగు అంటేది," అన్నాడు కిన్‌లోక్ కవరు అందుకుని. "పాత కాగితాల గుజ్జులోనే ఎరుపు కలిపి చేసిన కాగితం దొరుకుతుంది. అదయితే ఎర్ర సిరాతో పనే లేదు. బంగారు రేకు బదులు కాగితం మీదే పువ్వు బొమ్మని ఉబ్బెత్తుగా ఒత్తుదాం."

"ఆ పువ్వు ఎవరి కంటికీ ఆనదు."

"నా కంటికి ఆనుతుందిలే."

హోయ్‌కీ అతని వంక చూసిన చూపుకి వింగ్‌సమ్ ఒళ్లు భగ్గుమంది. తను పట్టిన తప్పు చివరికి ఆ పిల్లకే కలిసొచ్చింది.

పక్క బల్ల మీద కవర్లు మడుస్తున్న లాయ్ పెద్దమ్మ నవ్వింది. "పెళ్లయినవాళ్లు ఇవ్వాలి, కానివాళ్లు పుచ్చుకోవాలి అని ఎవరు పెట్టారో గానీ, ఏటా వింగ్‌సమ్‌కీ కిన్‌లోక్‌కీ ఎర్ర కవర్లిచ్చి నా చెయ్యి పడిపోతోంది. ఇప్పుడు ఈ హోయ్‌కీ మూడోది తయారైంది. ఏమే వింగ్‌సమ్, ముప్పై నాలుగొచ్చాయి, ఇచ్చే వరసలోకి ఎప్పుడొస్తావే?"

"తొందరేముంది పెద్దమ్మా, నీ చెయ్యి ఇంకా గట్టిగానే ఉందిగా."

అనేసి ఓరకంట కిన్‌లోక్ వైపు చూసింది. అతను తల వంచుకుని నవ్వుకుంటున్నాడు. ఆ నవ్వు ఎవరి కోసమో ఆమెకి అంతు పట్టలేదు.

మర్నాడు ఇంకో తగువు. కవరు మీద గుర్రం బొమ్మ వద్దంది హోయ్‌కీ. ఏటికో జంతువు పేరు కాబట్టి, గుర్రం వేస్తే ఈ ఏడు మిగిలినవన్నీ వచ్చే ఏడు చెత్తబుట్టకేనట.

"గుర్రపు ఏడు గుర్రం లేకపోతే, అది పండగ కవరా, కరెంటు బిల్లు కవరా?" అంది వింగ్‌సమ్.

"ఏటేటా పనికొస్తాయి కదా. నాకదే బాగుంది," అన్నాడు కిన్‌లోక్. మాక్ గారు దాన్నే ఖాయం చేశారు.

వింగ్‌సమ్ మధ్యాహ్నం భోజనం సగంలో వదిలేసింది. ఆ సాయంత్రం కిన్‌లోక్ ఆమె దగ్గరికే వచ్చి మెల్లగా అడిగాడు.

"నాకు ఓ రెండు వందలు విడిగా తీసిపెడతావా? డబ్బులిచ్చేస్తాను."

"అన్నెందుకు?"

"ఇంటికి."

వాళ్లమ్మకి చుట్టాలు జాస్తి, వాళ్లకి పంచడానికే అనుకుంది. హోయ్‌కీని కాకుండా తనని అడిగాడన్న సంతోషంలో వింగ్‌సమ్ ఒక్కొక్క కవరూ వెలుతురుకి పట్టి, అంచులు చూసి, రెండు వందలూ మేలైనవి ఏరి కట్ట కట్టింది.

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. పండగ పది రోజులుందనగా ఒకే రోజు ఇద్దరూ కనబడలేదు. హోయ్‌కీ కాగితం మిల్లుకి వెళ్లిందన్నారు. కిన్‌లోక్ సెలవు పెట్టాడన్నారు. ఆ రోజంతా వింగ్‌సమ్ నిప్పుల మీద కూర్చున్నట్టే ఉంది.

"నిన్న ఎక్కడికెళ్లావు?" అని అడిగింది మర్నాడు.

"చిన్న పని పడింది," అన్నాడు కిన్‌లోక్ కూనిరాగం తీస్తూ.

"నేను మిల్లుకే వెళ్లానక్కా, ఒట్టు," అంది పక్కనుంచి హోయ్‌కీ.

"నిన్నెవరడిగారు?"

ఆ ఒట్టుతో వింగ్‌సమ్‌కి ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. ఇంకా నోరు మూసుకుంటే అతన్ని చేజేతులా ఆ పిల్లకి అప్పగించినట్టే. సెలవలన్నాళ్లూ అద్దం ముందు నిలబడి, చెప్పాల్సిన మాటలు వల్లె వేసుకుంది.

పండగ సెలవలు అయిపోయి ప్రెస్సు తెరిచే రోజు కొత్త ఎర్ర స్వెటరు వేసుకుని బయల్దేరింది. లిఫ్టులో హోయ్‌కీ ఎదురైంది. పెదాలకి రంగు, చేతిలో డబ్బా.

"ఏమిటది?"

"ముల్లంగి కేకు. కిన్‌లోక్ కోసం మా అమ్మ చేత చేయించాను."

"అతనికి ముల్లంగి పడదు." అబద్ధం తడుముకోకుండా వచ్చింది.

లిఫ్టు తలుపు తెరుచుకోగానే ఇద్దరూ నడక అందుకున్నారు. ఆ నడక గుమ్మం దాటేసరికి పరుగైంది. కిన్‌లోక్ మిషన్ పక్కన కొత్త కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"నీతో ఒక మాట చెప్పాలి," అంది వింగ్‌సమ్ ఆయాసపడుతూ.

"నేనూ చెప్పాలి," అంది హోయ్‌కీ.

"ఉండండి, ముందు నా వంతు," అంటూ కిన్‌లోక్ సిగ్గుపడుతూ కోటు జేబులో చెయ్యి పెట్టాడు.

ఏటా లాయ్ పెద్దమ్మ ఇచ్చినట్టే, ఇద్దరికీ చెరో ఎర్ర కవరు ఇచ్చాడు.