పేరు పక్కన రెండక్షరాలు

“నాలుగున్నర అయింది పెద్దాయనా. ఇప్పుడొచ్చి ఈరోజే కావాలంటే ఎట్ల?” అన్నాడు గుమాస్తా హరికృష్ణ, కంప్యూటర్ మీది నుంచి తల ఎత్తకుండా.

“బస్సు కంభం దాటినాక ఆగిపోయింది సార్. ఐదు దాకా టైముందని గిద్దలూరులో చెప్పినారు,” అన్నాడు ఏబేలు. కౌంటరు చెక్కను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

ఏబేలు కూతురు ఫెబీ బి.ఏ. చదివింది గిద్దలూరు కాలేజీలో. అక్కడ చెప్పని రెండు పేపర్లను, రెండు కాలేజీల మధ్య ఉన్న ఒప్పందం ప్రకారం, శనివారాల్లో మార్కాపురం వచ్చి ఇక్కడ చదివి పాసైంది. ఆ ఎనిమిది క్రెడిట్లు ఇక్కడి నుంచి అక్కడికి బదిలీ అయితే తప్ప డిగ్రీ పూర్తయినట్టు కాదు. అవి బదిలీ కాలేదన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఒప్పందం గడువు ఈ సాయంత్రంతో తీరిపోతుంది. విద్యార్థి స్వయంగా వెళ్లి సంతకం పెట్టకపోతే ఎవరూ ఏమీ చేయలేరని గిద్దలూరులో కచ్చితంగా చెప్పారు. అందుకే ఏబేలు కూతుర్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆ అమ్మాయి ఫైలును గుండెకు హత్తుకుని తండ్రి వెనకే నిలబడింది.

“పరీక్షలై ఏడాది దాటిందే. ఇన్నాళ్లూ నిద్రపోయినారా?”

“మాకు తెలియలేదు సార్. మొన్న పెట్టె సర్దుతుంటే ఈ కాగితం కనబడింది.”

హరికృష్ణ హాల్‌టికెట్ అందుకుని, అమ్మాయిని ఎగాదిగా చూశాడు. “ఫోటోలో బొద్దుగా ఉన్నావు. ఇట్ల చిక్కిపోయినావేంది?”

“ఈ ఏడాది ఇంట్లో అందరం చిక్కిపోయినాం సార్,” అన్నాడు ఏబేలు.

“సరేగాని, ఇంత అవసరం ఏమొచ్చింది? ఉద్యోగమా?”

“ఆదివారం సార్. మా వాళ్లందరూ వస్తారు, పాస్టరుగారు వస్తారు. ప్రార్థన, తర్వాత భోజనాలు. పేరు పక్కన చదువు వేయించడం మాలో అలవాటు.”

హరికృష్ణ మొహం విచ్చుకుంది. “అట్ల చెప్పవేంది! కార్డు మీదికా? మరి పెళ్లికొడుకు ఏం చదివినాడు?”

ఏబేలు జవాబు చెప్పేలోపు జేబులో ఫోన్ మోగింది. అవతలి గొంతు కౌంటరు దాకా వినబడుతోంది. “ఏంది ఏబేలూ, పేరు పక్కన జాగా వదలమంటివి, వదిలినాను. వేసేదా, వద్దా? రేపు మధ్యాహ్నానికి నేను పని ముగించాల.”

“ఒక్క అరగంట ఆగు ఆదెయ్య మామా, నీ కాళ్లు పట్టుకుంటా,” అన్నాడు ఏబేలు.

హరికృష్ణ నవ్వాడు. “ఈ మాత్రానికి కాళ్లెందుకు? వేసేయమను. బి.ఏ. పాసైందా లేదా అని భోజనాలకొచ్చినోళ్లు ఎవరు అడుగుతారు?”

“ముప్పై ఏళ్లు పలకల పని చేసినాను సార్. పలక మీద తప్పు రాస్తే తుడిచి మళ్లీ రాస్తాం. ఇది తుడిచేది కాదు. పాసు కాకుండానే వేసుకున్నారని రేపు ఒక్కరన్నా, వాళ్లమ్మ తట్టుకోలేదు.”

హరికృష్ణ ఫైలు అందుకున్నాడు. గిద్దలూరు వాళ్లు ముద్ర వేసిచ్చిన ఫారం అందులోంచి బయటికి తీసి అమ్మాయి ముందుకు జరిపాడు. “ఇక్కడ సంతకం పెట్టు.”

అమ్మాయి తండ్రి వైపు చూసింది.

“పెట్టమ్మా,” అన్నాడు ఏబేలు. అని కళ్లు మూసుకున్నాడు.

ఆమె ఒక్కొక్క అక్షరమే రాసింది. “సొంత పేరు రాసేదానికి ఇంతసేపా? పెళ్లికూతురి సిగ్గు అప్పుడే మొదలైందే,” అన్నాడు హరికృష్ణ. “పోండి, ప్రిన్సిపాల్ మేడమ్ బయల్దేరుతున్నారు. ఆమె సంతకం లేకుంటే ఇది చిత్తుకాగితం.”

వాళ్లు పరుగెత్తుకెళ్లేసరికి కారు కదలబోతోంది. ప్రిన్సిపాల్ విజయమ్మ అద్దం దించి ఫారం చూసింది. “గిద్దలూరు వాళ్ల ముద్ర సరిగా పడలేదు. మళ్లీ వేయించుకుని రేపు రండి.”

“రేపటికి ఒప్పందమే ఉండదు మేడమ్.”

“నేనేం చేయను? రూలు నేను పెట్టలేదు కదా.”

ఏబేలు కారు ముందుకు నడిచి నేల మీద కూర్చున్నాడు. అరవలేదు, ఏడవలేదు. తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకుని, తల వంచుకుని కూర్చున్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు.

విజయమ్మ కారు దిగింది. “లేవండి. ఏమిటిది, పెద్దవారు!”

“అది చదివింది మేడమ్. ఎండనక వాననక బస్సులెక్కి వచ్చి చదివింది. చదవలేదంటే నేనూ అడగను. చదివినదాన్ని చదివినట్టు రాయండి, చాలు.”

 ఆమె ఫారాన్ని కారు బానెట్ మీద పరిచి సంతకం చేసింది. మార్కుల వైపు చూసి, అమ్మాయి భుజం తట్టింది. “ఇంత బాగా చదివినదానివి, ఇక్కడితో ఆపకు. టీచరువి కావాలి నువ్వు.”

అమ్మాయి పెదవి కొరుక్కుంది.

ఐదుకు నాలుగు నిమిషాలుండగా హరికృష్ణ వివరాలు ఎక్కించాడు. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.  చక్రం ఆగింది.

“ఎక్కినాయి! ఎనిమిదికి ఎనిమిది. మీ ఫెబీ ఇప్పుడు బి.ఏ. పాసు పెద్దాయనా,” అంటూ హరికృష్ణ కాగితం ప్రింటు తీసిచ్చాడు. “ఆదివారం నాకూ ఒక ఆకు వేయించు.”

“రండి సార్. తప్పకుండా పెడతాను,” అన్నాడు ఏబేలు. 

గేటు దాటాక ఆయన ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకుని చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. ఇద్దరూ బస్టాండు వైపు నడిచారు. పొద్దుటి నుంచి అమ్మాయి నోరు విప్పడం అదే మొదటిసారి.

“ఇంక అక్క సమాధి మీద చెక్కించొచ్చు కదా, నాయనా?”